ఇంటర్వెల్ లేని భోజనం

తెలుగు బొమ్మకి మాట వచ్చింది 1932లో, 'భక్త ప్రహ్లాద'తో. బొమ్మ చూస్తూ అన్నం తినడం మాత్రం మనకి అంత తొందరగా రాలేదు. టూరింగ్ టాకీసులో మొదటాట చూడాలంటే ఇల్లాలు పొద్దుగూకేలోగా వంట ముగించి, ఇంటిల్లిపాదికీ వడ్డించి, తానూ రెండు మెతుకులు తిని బయల్దేరాల్సిందే. మధ్యలో ఇంటర్వెల్ వచ్చేది. దీపాలు వెలిగేవి, గోలీసోడాలు కయ్యిమనేవి, పకోడీ పొట్లాలు చేతులు మారేవి. గంట మోగిందా, తిండి ఆగి బొమ్మ మొదలయ్యేది. నేలటిక్కెట్టువాళ్లు చీకట్లో కూడా వేరుశనక్కాయలు వలుచుకునేవారనుకోండి, అది వేరే సంగతి. కంచం ముందు కూర్చుని బొమ్మ చూడడం మన అమ్మమ్మల ఊహకైనా వచ్చివుండదు.

1977లో హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం వెలిసింది. అప్పట్లో టీవీ వున్న ఇల్లు వీధికి ఒకటుంటే గొప్ప. పొరుగింటి చాపమీద కూర్చుని చూసేవాళ్లం కంచం పట్టుకెళ్లలేం కదా! శుక్రవారం 'చిత్రలహరి' వేళకి పొయ్యి కట్టెయ్యడం, 1987లో 'రామాయణం' మొదలయ్యాక ఆదివారం టిఫిను ముందే కానిచ్చెయ్యడం - అలా వంటిల్లే బొమ్మకి తగ్గట్టు సర్దుకుంది. ఇంటింటికీ సొంత టీవీ వచ్చి, 1995లో ఈటీవీ, జెమినీ మొదలయ్యాక కంచం మెల్లిగా ముందు గదిలోకి నడిచింది. అమెరికాలో ఈ నడక 1954 నాటికే పూర్తయింది. స్వాన్సన్ కంపెనీ అల్యూమినియం పళ్లెంలో వండిన భోజనం సర్ది, దానికి 'టీవీ డిన్నర్' అన్న పేరే పెట్టి అమ్మింది.

ఎంతైనా టీవీకి ఒక వేళంటూ వుండేది. 2016లో జియో వచ్చి ఇంటర్నెట్టు చవగ్గా అరచేతిలోకి దిగాక ఆ వేళ కూడా పోయింది.

ఇక్కడే మన సినిమావాళ్ల కొండల సంగతి చెప్పుకోవాలి. పరిశ్రమ మద్రాసు నుంచి తరలివస్తున్న రోజుల్లో, 1976లో, అక్కినేని నాగేశ్వరరావుగారు జూబ్లీహిల్స్ అంచున రాళ్లగుట్టల్లో స్టూడియో తెరిచి భార్య అన్నపూర్ణగారి పేరు పెట్టారు. బొమ్మలు తీసే చోటుకి అన్నం పెట్టే తల్లి పేరు! 1989లో ఫిల్మ్‌నగర్‌లో రామానాయుడుగారి స్టూడియో వచ్చింది. 2020లో అల్లు అరవింద్‌గారు 'ఆహా' మొదలుపెట్టారు. దాంతో ఆ కొండలమీద పుట్టిన కథ థియేటరు దాకా ఆగకుండా తిన్నగా కంచం పక్కకే వచ్చేస్తోంది.

వెబ్ సిరీస్‌లో ప్రతి భాగాన్నీ మంచి పట్టులో తెంపుతారు. ఆ కిటుకు వాళ్లు కనిపెట్టిందేం కాదు, వారపత్రికలకి సీరియల్ రాసే మాకందరికీ తెలిసిందే. కాకపోతే మా 'సశేషం' తర్వాత ఏడు రోజుల భోజనాలూ, ఏడు రాత్రుల నిద్రా వుంటాయి. ఫోనులో కొద్ది సెకన్లకే తరువాయి భాగం తనంతట తనే మొదలవుతుంది. అర్ధరాత్రి ఆకలేస్తుంది - ఆకలో, తోచకపోవడమో. బిర్యానీ తెచ్చిపెట్టడానికి స్విగ్గీ వుండనే వుంది. 2014లో దాన్ని స్థాపించినవాళ్లలో ఒకరు మన విజయవాడ కుర్రాడే. తమాషా ఏమిటంటే, ఆ బొమ్మలు తీసేవాళ్లు మాత్రం లంచ్ బ్రేక్ అనగానే కెమెరా ఆపి మరీ తింటారు!

ఎలా తింటేనేం, వెళ్లేది కడుపులోకేగా అంటారా? 2011లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో శాస్త్రజ్ఞులు కొందరికి ఒకే రకం భోజనం పెట్టారు. సగం మంది కంప్యూటరులో పేకాట ఆడుతూ తిన్నారు, మిగతావాళ్లు ఊరికే తిన్నారు. పేకాటవాళ్లకి కడుపు నిండినట్టే అనిపించలేదుట. అరగంట పోయాక బిస్కట్లు పెడితే వాళ్లే ఎక్కువ తిన్నారు. ఏది ముందు తిన్నారో, ఏది తర్వాతో సరిగ్గా చెప్పలేకపోయారు కూడా. అంటే ఆకలి ఒక్క పొట్ట లెక్కే కాదు, జ్ఞాపకం లెక్క కూడాను. తిన్నట్టు గుర్తులేని భోజనం మళ్లీ తినమంటుంది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ స్త్రీలలో నూటికి 30 మంది, ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో 36 మంది వుండాల్సిన బరువు దాటి వున్నారు. పాపమంతా ఫోనుమీదే వెయ్యడం న్యాయం కాదు. తెల్లన్నం వుంది, కూర్చుని చేసే పనులున్నాయి, నడక మరిచిన కాళ్లున్నాయి.

అదీగాక, అందరికీ వడ్డించి ఆఖర్న కూర్చునే ఇల్లాలిని ఫోను చూడొద్దని ఏ నోటితో అంటాం? ఒక్కతే తింటుంది, తోడు ఎవరున్నారు గనక! మంచినీళ్ల గ్లాసుకి ఆనించిన ఫోనులో తెనాలి వైపు పల్లెటూరి మస్తానమ్మ అవ్వ పొలంలో పొయ్యి పెట్టి పుచ్చకాయలో కోడికూర వండుతూ కనిపిస్తే కాస్త ఊసుపోతుంది. నూరేళ్లు దాటి బతికిన ఆ అవ్వ 2018లో పోయింది. నన్నడిగితే ఆ ఇల్లాలి ఫోను తీసెయ్యడం కన్నా ఎవరో ఒకరు పక్కన కూర్చోవడం మేలు.

పసిపిల్లల విషయంలో మాత్రం నేను మెత్తబడలేను. "బామ్మ కూడా చందమామని చూపించి ఏమార్చే గోరుముద్దలు పెట్టేది కదే" అని వాదించింది ఓ స్నేహితురాలు. ఏమార్చిన మాట నిజమే. కాని బామ్మ కళ్లు చందమామమీద వుండవు, పిల్లాడి మూతిమీద వుంటాయి. వాడు తల తిప్పేస్తే కాకి ముద్ద అని ఇంకొకటి పెట్టి చూస్తుంది, పెదవి బిగిస్తే చాలించి మూతి కడుగుతుంది. ఫోను వాడి మొహం చూడదు. వాడూ ముద్ద వంక చూడడు, చెంచా తగిలినప్పుడల్లా నోరు తెరుస్తాడు. కడుపు నిండిందని వాడికి తెలిసేదెప్పుడు? రెండేళ్లు నిండని పిల్లలకి అసలు తెర చూపించవద్దనీ, ఆపైన అయిదేళ్లలోపు వాళ్లకి రోజుకో గంట మించకూడదనీ 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది.

అంతా విని, "ఈ అపార్టుమెంట్లలో చందమామ ఎక్కడ కనిపిస్తాడే?" అంది మా స్నేహితురాలు. జూబ్లీహిల్స్‌లో వాళ్ల ఆరో అంతస్తు బాల్కనీలోంచి శుభ్రంగా కనిపిస్తాడనీ, మొన్న పున్నమికి నేనే చూశాననీ చెప్పాను.