దూది నుసి, మిరప ఘాటు, మా అమ్మల చీపురు

"ఏమనుకోకండి. మీవాళ్ళ ఇళ్ళు శుభ్రంగా ఉండవని మా ఆయన అద్దెకివ్వొద్దన్నారు."

చంకలో తొమ్మిది నెలల పిల్లతో, చెయ్యి పట్టుకుని నాలుగేళ్ళ పిల్లాడితో గుమ్మంలో నిలబడి ఈ మాట విన్నాను. ఊరి పేరెందుకు? గుంటూరు కావొచ్చు, ఒంగోలు కావొచ్చు, నరసరావుపేట కావొచ్చు. ఆవిడ నా ఇల్లు చూడలేదు. నా పేరు మాత్రమే విన్నది. పేరు వినకముందు నా పిల్ల బుగ్గ గిల్లి ముద్దు చేసింది కూడా. ఇంటికొచ్చి అమ్మతో చెప్పుకుని ఏడిస్తే అమ్మ నవ్వింది. "మీ నాయనమ్మ రోజుకి ఇల్లు ఊడ్చినన్ని సార్లు ఆవిడ అద్దం కూడా చూసుకుని ఉండదు, ఊరుకోవే" అంది.

అమ్మ నవ్వి వదిలేసిన మాటని నేను వదల్లేకపోయాను. రాజుల కోటలకీ, మసీదు మినార్లకీ, యుద్ధాలకీ చరిత్ర ఉంది. ఇల్లు ఊడ్చిన చేతులకి లేదు. పైగా మురికి అనే నింద మాత్రం ఆ చేతుల మీదే పడింది. ఈ నింద ఎక్కడ పుట్టిందో, నిజంగా ఆ ఇళ్ళలో ఏం జరిగిందో చెప్పుకోవాల్సిన బాధ్యత మనదే.

మేం దూదేకుల వాళ్ళం. నూర్‌బాషాలంటారు. పింజారీలంటారు. లద్దాఫ్‌లంటారు. 1970లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రకటించిన వెనకబడిన కులాల జాబితాలో ఈ పేర్లన్నీ 'బి' గ్రూపులో ఒక్కచోటే ఉన్నాయి. అన్నీ పని పెట్టిన పేర్లే. దూదిని ఏకేవాడు దూదేకుల. మరి అదే పనిని చెప్పే 'పింజారి' తెలుగులో తిట్టు ఎట్లా అయింది? 'పింజారి వెధవ' అని తిట్టేవాడికి ఆ పింజారి ఏకిన పరుపు మీదే తాను పడుకుంటున్నానన్న సంగతి తెలియకా? బుర్రకథ పితామహుడు షేక్ నాజర్ 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో దూదేకుల కుటుంబంలో పుట్టాడు. 1986లో పద్మశ్రీ అందుకున్నాడు. ఆయన ఆత్మకథ పేరు 'పింజారి'. తిట్టుని తీసుకొచ్చి పుస్తకం అట్ట మీద పెట్టినవాడు మన జిల్లావాడేనని మనం గర్వపడాలి.

ఇక ఆ పింజారి ఇంట్లోకి వెళ్దాం.

మా నాయనమ్మ ఇల్లు ఒకే గది, ముందు పంచ, వెనక దొడ్డి. ఆ గదే వంటిల్లు, పడకటిల్లు, కార్ఖానా. దూలానికి తాడుతో వేలాడే పెద్ద విల్లు. దాని నారిని చెక్క సుత్తితో కొడుతుంటే ఆ అదురుకి గింజ తీసిన పత్తి పోగులు పోగులుగా విడిపోయి పైకి లేస్తుంది. ముద్దగా ఉన్న దూది మబ్బులా పొంగుతుంది. అందులో ఉన్న మట్టి, ఆకుపొడి, గింజ ముక్కలు కింద రాలతాయి. అంటే ఏకడమన్నదే శుభ్రం చేసే పని. ఊరి మురికిని దూదిలోంచి తీసి, ఊరికి తెల్లటి దూది ఇచ్చి, ఆ మురికిని తన ఇంట్లో ఉంచుకున్నవాడు పింజారి. చాకలి దగ్గరా, పాకీ పని చేసిన మనిషి దగ్గరా జరిగిన అన్యాయమే ఇక్కడా జరిగింది. శుభ్రం చేసినవాడికే మురికివాడన్న పేరు వచ్చింది.

విల్లు మోగినంతసేపూ గాలంతా నుసి. అది కుండల మీద, గంజిలో, పడుకున్న పిల్ల కనురెప్పల మీద వాలుతుంది. ఈ నుసిని చీపురుతో పొడిగా ఊడిస్తే పోదు, మళ్ళీ లేచి చూరుకి అంటుకుంటుంది. అందుకని నాయనమ్మ ముందు నీళ్ళు చిలకరించేది. నుసి నేలకి అణిగాక, తడి గుడ్డతో పైనుంచి కిందికి, అంటే దూలం, గూళ్ళు, కుండలు, చివరికి నేల, ఈ వరసలో తుడిచేది. తెల్లారకముందే వంట ముగించి పొయ్యి ఆర్పేసేది. నిప్పురవ్వ పడితే దూది భగ్గుమంటుంది కాబట్టి విల్లు మోగే ఇంట్లో పొయ్యి వెలగకూడదు. చంటిపిల్ల ఉయ్యాలని పంచలోకి మార్చి మీద పల్చటి పాత చీర తడిపి కప్పేది. పాకే పిల్లాడి నడుముకి మెత్తటి గుడ్డ చుట్టి గుంజకి కట్టేది. ఇప్పుడు వింటే కటువుగా ఉంటుంది. కానీ దూది గుట్టలో పాకి ముక్కులో నోట్లో నుసి పోయి ఉక్కిరిబిక్కిరయ్యే పిల్లాడిని కాపాడుకునే దారి ఒంటిచేతి తల్లికి ఇంకేముంది?

దూది నుసి ఏళ్ళ తరబడి పీల్చినవాళ్ళకి ఊపిరితిత్తులు బిగుసుకుపోయే జబ్బు వస్తుందని ఇంగ్లండు నూలు మిల్లుల మీద జరిగిన పరిశోధనలు తేల్చాయి. బిసినోసిస్ అని దానికి పేరు పెట్టారు. ఆదివారం సెలవు తీసుకుని సోమవారం పనిలోకి రాగానే ఛాతీ పట్టేసేది కాబట్టి సోమవారం జ్వరమనీ అన్నారు. మా ఇళ్ళలో దానికి పేరు లేదు, సెలవూ లేదు. 'ఆయాసం' అన్నారంతే. ఉయ్యాల మీద కప్పిన ఆ తడి చీరే మా పిల్లలకి దక్కిన వైద్యం.

ఈ పనికి దేశం ఒకసారి గౌరవం ఇచ్చింది. ఖద్దరు మొదలుపెట్టిన రోజుల్లో గాంధీకి రాట్నం దొరికినా దూది ఏకి ఇచ్చే మనిషి కరువయ్యాడు. గంగాబెన్ ఒక దూదేకులవాణ్ణి వెతికి నెలకి 35 రూపాయల జీతం మీద పెట్టిందని ఆయన ఆత్మకథలోనే రాసుకున్నాడు. రాట్నం జెండా మీదికెక్కింది. ఏకులు చుట్టిన చేతులు ఏ జెండా మీదికీ ఎక్కలేదు. మన మైదానాల్లో రాట్నం తిప్పిన ప్రతి ఇంటి వెనకా ఒక విల్లు, ఆ విల్లు వెనక నుసి తుడిచిన ఒక ఆడమనిషి ఉన్నారని ఎవరు రాశారు?

ఇంటిని ఎట్లా దిద్దుకోవాలో చెప్పే పుస్తకాలు లేక కాదు. 1869లో డిప్యూటీ నజీర్ అహ్మద్ 'మిరాతుల్ ఉరూస్' అనే ఉర్దూ నవల రాశాడు. అక్బరీ, అస్గరీ అనే ఇద్దరు అక్కాచెల్లెళ్ళ కథ అది. పెద్దది ఇల్లు చెడగొడుతుంది, చిన్నది లెక్కాపత్రంతో, పొదుపుతో ఇంటిని నిలబెడుతుంది. తెల్ల ప్రభుత్వం మెచ్చి వెయ్యి రూపాయల బహుమానమిచ్చింది. తెలుగులో ఒంగోలు ప్రాంతం ఇనమనమెళ్ళూరు నుంచి మద్రాసు వెళ్ళి స్థిరపడిన కె.ఎన్. కేసరి 1928లో 'గృహలక్ష్మి' పత్రిక పెట్టాడు. పేరులోనే ఉంది, ఇల్లాలే ఇంటి లక్ష్మి.

ఈ రెండింట్లో మా నాయనమ్మ ఎక్కడుంది? అస్గరీ ఇల్లు షరీఫుల ఇల్లు, ఉర్దూ చదివిన ఇల్లు. మా నాయనమ్మకి ఉర్దూ రాదు, తెలుగే ఆమె నోటి భాష. అందుకే పట్నం షేకులు, సయ్యద్‌లు మమ్మల్ని అరకొర ముసల్మాన్లుగా చూశారు. ఇటు గృహలక్ష్మి కావడానికి ఆమె ఇల్లు ఉత్త గృహం కాదు, పనిచోటు. మొగుడు విల్లు కొడుతుంటే గింజలు ఏరి, ఏకులు చుట్టి, పరుపులు కుట్టిన కూలీ ఆమె. ఇంటిని శుభ్రంగా ఉంచడమంటే ఆ పుస్తకాల్లో ఉన్నట్టు కుదురుగా సర్దుకోవడం కాదు ఆమెకి. కార్ఖానాని రోజూ సాయంత్రానికి ఇల్లుగా మార్చడం, తెల్లారేసరికి మళ్ళీ కార్ఖానా చేయడం. రెండు మతాల మధ్య, రెండు భాషల మధ్య, రెండు పుస్తకాల మధ్య ఖాళీలో పడిపోయిన ఇల్లు మాది. 1909లో థర్‌స్టన్ దక్షిణ భారత కులాల మీద ఏడు సంపుటాలు వేసినప్పుడు దూదేకుల వాళ్ళ గురించీ రాశాడు. మా వృత్తి, మా ఆచారాలు ఎక్కాయి. మా ఆడవాళ్ళ చీపురు ఎక్కలేదు.

తర్వాత మిల్లులొచ్చాయి. ఏకే మిషన్లొచ్చాయి. ఆ వెనక కొబ్బరి పీచు పరుపులు, ఫోము పరుపులు వచ్చాయి. విల్లు అటక ఎక్కింది. 1967లో నాగార్జునసాగర్ కాలువలకి నీళ్ళు వదిలాక కుడి కాలువ కింద గుంటూరు, ప్రకాశం మెట్ట నేలల రూపమే మారింది. పత్తి, మిరప విరగ పండాయి. గుంటూరు మిరప యార్డు ఆసియాలోనే పెద్ద వాటిల్లో ఒకటిగా పేరు తెచ్చుకుంది. 2022లో జిల్లాల్ని విడగొట్టి పల్నాడు, బాపట్ల చేసినా మిరప కల్లాలు అవే, కూలి చేతులు అవే. విల్లు పోయిన ఇళ్ళలోని ఆడవాళ్ళు మిరపకాయల తొడిమలు తీసే పనిలోకి వెళ్ళారు. దళిత స్త్రీలు, వడ్డెర స్త్రీలు, మా స్త్రీలు ఒకే గుట్ట చుట్టూ కూర్చున్నారు.

మా అమ్మ తరం అది. దూది నుసి పోయి మిరప ఘాటు వచ్చింది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా కోతలు. తొడిమ తీసి, తాలుకాయ వేరు చేసి, కిలోల లెక్కన కూలి. సాయంత్రం ఇంటికొచ్చేసరికి చీరంతా ఘాటు, చేతులు మంట. చంటిది పాలకోసం ఎగబడుతుంది. ఆ చేతుల్తో పిల్లని ఎత్తుకుంటే పిల్ల కళ్ళు మండి గుక్కపెడుతుంది. అందుకని అమ్మ గుమ్మంలోనే ఆగేది. ముందు నూనె రాసుకునేది, తర్వాత మజ్జిగతో కడిగేది, ఆ తర్వాత సబ్బు. మిరపలోని కారం నూనెలో కరుగుతుంది, ఉత్త నీళ్ళకి పోదు. ఈ సంగతి అమ్మకి ఏ రసాయన శాస్త్రమూ చెప్పలేదు. దొడ్లో చీర మార్చి, విప్పిన చీరని ఇంట్లోకి రానీకుండా దండెం మీద వేసి, అప్పుడు పిల్లని ఎత్తుకునేది. బయటి మురికి బయటే ఆపాలని ఆసుపత్రులు పాటించే నియమమే అది. మా అమ్మ గడప దగ్గర దాన్ని రోజూ పాటించింది.

1948 ఫ్యాక్టరీల చట్టం 50 మందికి మించి ఆడవాళ్ళు పనిచేసే చోట పిల్లల గది ఉండాలన్నది. 1976 సవరణతో ఆ సంఖ్య 30కి తగ్గింది. కల్లం ఫ్యాక్టరీ కాదు, ఇల్లు అసలే కాదు. 1975 అక్టోబర్ 2న మొదలైన ఐసీడీఎస్ కింద అంగన్‌వాడీలు ఊళ్ళలోకి వచ్చాయి. అదీ మూడేళ్ళు దాటిన పిల్లలు కూర్చునే చోటే, చంటిపిల్లల్ని పొద్దంతా ఉంచుకునే చోటు కాదు. మరి చంటిపిల్లని ఎవరు చూశారు? మా అక్క చూసింది. ఎనిమిదేళ్ళ అక్క తమ్ముణ్ణి చంకనేసుకుని, ఇల్లూడ్చి, అంట్లు తోమి, బడి మానింది. మా ఇళ్ళ శుభ్రతకి ఎవరు ఖరీదు కట్టారని అడిగితే నా దగ్గరున్న జవాబు అదే. నేను ఈ వ్యాసం రాయగలుగుతున్నది అక్క చదువు ఆగిపోయినందువల్లే.

ఇప్పుడు ఆ అద్దింటావిడ మాటకి వద్దాం. ఆవిడ అడిగింది శుభ్రత కాదు, మడి. ఈ రెండింటికీ తేడా ఉంది. ఏది కడిగారన్నది శుభ్రత. ఎవరు ముట్టుకున్నారన్నది మడి. నమాజుకి ముందు వుజూ చేయడం, ముక్కు చెంబు, రంజాన్‌కి ముందు గోడలకి నీలిమందు కలిపిన సున్నం, ఇవి మా ఇళ్ళలో తరాలుగా ఉన్నాయి. పల్లెలో పేడతో అలికి ముగ్గు వేసిన దూదేకుల గుమ్మాలూ ఉన్నాయి. ఎన్ని కడిగినా పేరు కడగలేం కదా! 1992 డిసెంబర్ 6 తర్వాత ఆ పేరు మరీ బరువెక్కింది. 'శుభ్రంగా ఉండరు' అన్నది మర్యాదగల మాటైపోయింది. 'మిమ్మల్ని రానివ్వం' అని ముఖం మీద అనలేనివాళ్ళు వాడుకునే మాట.

ఇంత చెప్పి మనవాళ్ళని వదిలేస్తే అబద్ధమవుతుంది. చీపురు మా ఇళ్ళలోనూ ఆడచేతిలోనే ఉంది. శుభ్రత ఈమాన్‌లో భాగమని జుమా రోజు విని ఇంటికొచ్చిన మగవాడు కాళ్ళు కడుక్కున్న నీళ్ళు కూడా ఎత్తిపోయడు. ప్రవక్త ఇంటిపనులు చేసేవారని, తన బట్టలు తానే కుట్టుకునేవారని ఆయిషా చెప్పిన హదీసు ఉంది. దాన్ని మిగతా హదీసులంత గట్టిగా ఎందుకు చెప్పరు? దూదేకుల వాళ్ళని తక్కువ చూసే షేకులూ, దళితుల గడప తొక్కని దూదేకుల వాళ్ళూ మనలో ఉన్నారు. అద్దింటావిడ మడి మన ఇళ్ళలోనూ ఒక మూల ఉంది. ముందు ఆ మూల ఊడ్చుకోవాలి.

మన అస్తిత్వం గురించి మాట్లాడుకునేటప్పుడు మసీదు, భాష, రిజర్వేషన్ అన్నీ రావాల్సిందే. వాటితో పాటు ఉయ్యాల మీద తడి చీర కూడా రావాలి. గుమ్మంలో ఆగిన అమ్మ చేతులు రావాలి. బడి మానిన అక్క రావాలి. మీ ఇంట్లో ముసలమ్మలు ఇంకా ఉంటే కూర్చోబెట్టి అడగండి. నుసి ఎట్లా దులిపావు, ఘాటు ఎట్లా కడిగావు, చంటిపిల్లని ఎక్కడ పడుకోబెట్టావు అని. వాళ్ళు వెళ్ళిపోతే ఈ చరిత్ర ఏ దస్తావేజులోనూ దొరకదు.

మాకు చివరికి ఇల్లు దొరికింది, మావాళ్ళుండే వీధిలోనే. మొన్న అమ్మ వచ్చింది. పిల్లాడు అన్నం మెతుకులు చల్లుతుంటే నేను విసుక్కున్నాను. అమ్మ గుడ్డ తడిపి వాడి చేతికిచ్చింది. "మగపిల్లాడికెందుకమ్మా" అంటూ పక్కింటామె నవ్వింది. అమ్మ అంది: "వాడి తాత దూది ఏకినోడు. శుభ్రం చెయ్యడం మా మగోళ్ళ కులవృత్తే."