ఒకే నాటకం, ఇద్దరు కృష్ణులు

ఒరే అబ్బాయిలూ, ఇట్టా దగ్గరికి జరగండి. పేరు మోసిన పాటగాళ్లు నలుగురు కలిసి జట్టు కట్టి ఆల్బం చేస్తే సూపర్‌గ్రూప్ అంటారని పెద్దోడు పొద్దున చెప్పాడు. అట్టాంటి జట్లు మా రోజుల్లో మన చీరాలకే వచ్చేవిరా. కాంట్రాక్టు నాటకాలనేవాళ్లం.

కాంట్రాక్టరు ఒక్కో ఊరి నుంచి ఒక్కో మొనగాణ్ణి బయానా ఇచ్చి మాట్లాడుకునేవాడు. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలైతే పడక సీనుకి ఒక కృష్ణుడు, రాయబారానికి ఇంకో కృష్ణుడు. బలిజేపల్లి వారి హరిశ్చంద్రైతే కాటి సీనుకి హరిశ్చంద్రుడే మారిపోయేవాడు. పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు, ఏ.వి. సుబ్బారావు, మన సుద్దపల్లిలో పుట్టిన ఈలపాట రఘురామయ్య... వీళ్లలో ఏ ఇద్దరి పేర్లు వాల్‌పోస్టరు మీద కనపడినా వేటపాలెం, జాండ్రపేట నుంచి జనం బండ్లు కట్టుకుని వచ్చేవాళ్లు. రఘురామయ్య వేలు నోట్లో పెట్టి పద్యాన్ని ఈల మీద పలికిస్తుంటే, ఎక్కడో వేణువు ఊదుతున్నారని వెతుక్కునేవాళ్లం.

వచ్చిన చిక్కల్లా ఒకటే. వాళ్లకి రిహార్సలు ఉండేది కాదు. సాయంత్రం రైలు దిగి, రంగేసుకుని, తెర లేచాక ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లు. ఒకరిది ఒక శ్రుతి, పక్కాయనది ఇంకోటి. హార్మోనియం ఆయనకి చెమటలు పట్టేవి. కృష్ణుడు పాన్పు మీద లేచి కూర్చుని పద్యం ఎత్తుకుంటే రాగం సాగుతూనే ఉండేది. తలాపున దుర్యోధనుడు గద పట్టుకుని కూర్చునే ఉండాలి. పద్యం అయిపోగానే "వన్స్ మోర్!" మళ్లీ అదే పద్యం. ఇక దుర్యోధనుడు ఊరుకుంటాడా? తన వంతు రాగానే అంతకు రెండింతలు లాగేవాడు. తెల్లారేసరికి చెవులు నిండేవి గానీ కథ మాత్రం అడుగు కదిలేది కాదు.

మా నాన్న అందుకే తెనాలి శ్రీరామ విలాస సభ పేరు ఎత్తేవాడు. అక్కడా ఉన్నది హేమాహేమీలే. బాపట్ల బిడ్డ స్థానం నరసింహారావు, మాధవపెద్ది వెంకట్రామయ్య, గోవిందరాజుల సుబ్బారావు. కానీ వాళ్లు ఒకే చూరు కింద కలిసి సాధన చేసినవాళ్లు. స్థానం 1920లో చంద్రమతి వేషగాడు రాకపోతే ఆ వేషం కట్టి రంగమెక్కినవాడు. ఆయన సత్యభామగా జడ ముందుకు వేసుకుంటే ఎదుటివాడికి అది చాలు, మాట అందుకునేవాడు. ఒకరు మాట్లాడేటప్పుడు తక్కినవాళ్లు వినేవాళ్లు. నాన్న దాన్నే నాటకమనేవాడు.

ఆ గొప్పవాళ్ల పద్యాలు గ్రామఫోను ప్లేట్ల మీద కూడా వచ్చాయి. కుక్కబొమ్మ రికార్డు ఒక వైపు మూడు నిమిషాలే. వన్స్ మోర్ అనే జనం లేరు, సాగదీయడానికి చోటు లేదు. దాంతో రాగం తగ్గి మాట బయటికొచ్చింది. కాఫీ హోటల్లో ముల్లు మార్చి మార్చి ఆ రికార్డులే వేసేవాళ్లు. మన పేరాల మగ్గాల దగ్గర, అక్షరం ముక్క రాని నేతగాడు నాడె ఆడిస్తూ రాయబారం పద్యాలు తప్పు లేకుండా పాడేవాడంటే, ఆ ప్లేట్ల చలవే.

పెద్దోడు ఇంగ్లండు కథ ఒకటి చెప్పాడు. 1969లో ఎరిక్ క్లాప్టన్, స్టీవ్ విన్‌వుడ్, జింజర్ బేకర్, రిక్ గ్రెచ్ కలిసి బ్లైండ్ ఫెయిత్ అని జట్టు కట్టారట. జూన్‌లో లండన్ హైడ్ పార్కులో తొలి కచేరీ. ఆగస్టులో ఆరు పాటల ఆల్బం. అక్కడా అమెరికాలోనూ దానిదే మొదటి స్థానం. కానీ అమెరికా తిరిగితే జనం కొత్త పాటలు వినకుండా పాత జట్ల పాటలే పాడమన్నారట. ఆ ఏడాదే జట్టు విడిపోయింది. వినగానే మా పడక సీను గుర్తొచ్చింది. తప్పు వాళ్లదొక్కటే కాదురా. మనిషి పేరుకి టిక్కెట్టు కొని, కథ వినడానికి ఓపిక పట్టని మాదీ ఉంది అందులో.

మీరు రేపు బడిలో నాటకం వేసినా, పాట కట్టినా, మీ పద్యం ఒక్కటే నేర్చుకుని వెళ్లకండి. పక్కవాడి పద్యం కూడా నోటికి రావాలి. అప్పుడే వాడు ఎక్కడ ఊపిరి తీసుకుంటాడో, మీరు ఎక్కడ అందుకోవాలో తెలుస్తుంది.