సూరత్ కడుపులో ఒక ఊరు

ఇంగ్లండులో పల్లె చరిత్ర రాయాలంటే కాగితానికి కొదవుండదు. 1086 నాటి డూమ్స్‌డే సర్వే తిరగేస్తే చాలా ఊళ్లలో అప్పటికి నాగళ్లెన్నో తెలుస్తుంది. 1538 నుంచి చర్చి పుస్తకాల్లో బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాలు వరసగా ఎక్కుతూ వచ్చాయి. మన పల్లెలకు ఆ భాగ్యం తక్కువ. శిస్తు కట్టిన భూమి లెక్క దొరుకుతుంది గానీ, ఆ భూమి దున్నినవాడి పేరు దొరకదు. సూరత్‌కు దక్షిణాన నగరంలో కలిసిపోయిన ఆల్థాన్ అలాంటి ఊరే. దాని కథ తెలియాలంటే చుట్టూ ఉన్న నేల కథ చదువుకోవాలి.

ఆ నేలకు తెలుగు తీరంతో పాత చుట్టరికం ఉంది. 1611లో మచిలీపట్నంలో కోఠీ తెరిచిన ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ 1613కల్లా సూరత్‌లో పాగా వేసింది. అక్కడా ఇక్కడా వాళ్లకు కావలసింది బట్టే. 1664 జనవరిలో శివాజీ సేన సూరత్‌ను కొల్లగొట్టినప్పుడు కంపెనీ కోఠీని నిలబెట్టుకున్న జార్జ్ ఆక్సెండెన్‌ది కెంట్ ప్రాంతం. 1669లో సూరత్‌లోనే కన్నుమూశాడు. అతనికీ అతని సోదరుడికీ కట్టిన గుమ్మటాల సమాధిని ఇప్పటికీ చూడొచ్చు. ఆ రేవును పోషించిన చుట్టుపక్కల పల్లెల మనుషులకు మాత్రం గుర్తుగా ఒక రాయైనా లేదు.

ఆ పల్లెల్లో బతుకు ఎలా ఉండేదో చెప్పాలంటే హాళీ పద్ధతి దగ్గర ఆగక తప్పదు. పెళ్లి ఖర్చుకని భూస్వామి దగ్గర అప్పు చేసిన దుబ్లా తెగ కుర్రాడు ఆ నాటి నుంచి అతని హాళీ. మగవాడు పొలంలో, ఆడమనిషి దొర ఇంట్లో పాచిపనిలో. అప్పు తీరేది కాదు, తీరాలని అప్పిచ్చినవాడూ అనుకోడు. తెలంగాణ జీతగాడి కథ తెలిసినవాళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. గాంధేయులు దుబ్లాలను హల్పతులన్నారు, అంటే నాగలికి అధిపతి అని. పేరు మారినంత తేలిగ్గా పరిస్థితి మారలేదు. డచ్ పండితుడు యాన్ బ్రేమన్ 1974లో ఇక్కడి భూస్వాములైన అనావిల్ బ్రాహ్మణుల, దుబ్లాల సంబంధం మీదే పుస్తకం అచ్చువేశాడు. వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది 1976లో.

ఇంత బరువు మోసిన నేల మీదే స్వాతంత్ర్య పోరాటమూ నడిచింది. ఆల్థాన్ దాటి ముందుకెళ్తే భీమ్‌రాడ్. దండిలో ఉప్పు చట్టం ఉల్లంఘించిన మూడు రోజులకు, 1930 ఏప్రిల్ 9న, గాంధీ ఆ ఊళ్లో ప్రసంగించాడు. ఉప్పుటేళ్లు పారే నేల కాబట్టి ఆ ఉద్యమం అక్కడివాళ్లకు దూరపు మాట కాదు.

స్వాతంత్ర్యం తరవాత కథ జోరందుకుంది. 1954లో తాపీ నది మీద కాకరాపార్ ఆనకట్ట, 1972లో ఉకాయ్ డ్యామ్ వచ్చాయి. కాలవ నీరందిన చోట జొన్న తగ్గి చెరకు పెరిగింది. నగరంలో మరమగ్గాలూ వజ్రాల సానపట్టే కార్ఖానాలూ పెరిగాయి. మగ్గాల పని వెతుక్కుంటూ తెలంగాణ పద్మశాలీలు వచ్చి లింబాయత్ వైపు స్థిరపడ్డారు. వాళ్ల పిల్లల కోసం సూరత్ నగరపాలిక తెలుగు మీడియం బడులు నడిపింది. లింబాయత్‌లో బతుకమ్మ ఆడుతున్నది కూడా ఒక పల్లె వారసత్వమే, కాకపోతే వేరే నేల నుంచి మోసుకొచ్చింది. 1994 సెప్టెంబరులో ప్లేగు భయానికి లక్షల మంది ఊరొదిలి పారిపోయారు. మరుసటి ఏడాది కమిషనరుగా వచ్చిన తెలుగువాడు ఎస్.ఆర్. రావు ఆ చెత్తకుప్పల నగరాన్ని శుభ్రతకు పేరుపడ్డ నగరంగా మార్చి చూపించాడు.

నగరం పెరిగిన కొద్దీ ఆల్థాన్ పొలాలు ప్లాట్లయ్యాయి. ఇందులో గుజరాత్ పద్ధతి ఒకటి గమనించదగ్గది. టౌన్ ప్లానింగ్ స్కీమ్ కింద రైతుల భూములన్నీ కలిపేస్తారు, రోడ్లకూ పార్కులకూ కొంత తీసుకుంటారు, మిగిలింది చదరపు ప్లాట్లుగా కోసి తిరిగి ఇస్తారు. ఇళ్లున్న పాత చోటు జోలికి సాధారణంగా పోరు. దాన్ని గామ్‌తళ్ అంటారు. మన గ్రామకంఠమే. 2015లో అమరావతి కోసం రైతులు 33 వేల ఎకరాలకు పైగా ఇచ్చినప్పుడు పూలింగు నుంచి గ్రామకంఠాలను పక్కన పెట్టడం, వాటి హద్దుల మీద గొడవలు, అన్నీ మనకు గుర్తే. సూరత్ పటం చూస్తే సంగతి కళ్లకు కడుతుంది: గీత గీసినట్టున్న వీధుల మధ్య వంకరటింకర సందుల గుత్తి ఒకటి కనిపిస్తే అది పాత ఊరని లెక్క. కట్టడాల వారసత్వం గురించి ఎన్ని మాటలు చెప్పినా, ఊరి రూపాన్ని నిలబెట్టింది ఏ పురావస్తు శాఖో కాదు, స్కీములోని ఈ మినహాయింపే. సరథాణా నుంచి డ్రీమ్ సిటీకి వేస్తున్న మెట్రో దారిలో ఒక స్టేషనుకు ఆల్థాన్ గామ్ అని పేరు పెట్టారు. ఆ దారి చివర, ఖజోద్‌లో, 2023 డిసెంబరులో ప్రధాని ప్రారంభించిన డైమండ్ బోర్స్ ఉంది. ఆల్థాన్ దగ్గర కంక్రా ఖాడీ అనే ఏటి ఒడ్డున ఇప్పుడు జీవవైవిధ్య పార్కు. ఒకప్పటి పొలాల ఏటి గట్టు ఇప్పుడు నగరానికి వాకింగ్ ట్రాక్ అయింది.

పొలం పోయినా పొలం రుచి పోలేదు, అదే నాకు వింత. చలికాలం రాగానే సూరత్‌లో పోంక్ అంగళ్లు వెలుస్తాయి. పాలు పోసుకున్న లేత జొన్న కంకులను దగ్గర కూర్చుని నిప్పుల్లో కాలుస్తారు, వేడి మీదే గుడ్డ సంచిలో పోసి కర్రతో మోదుతారు. ఊక విడిపోయి పచ్చటి గింజలు రాలతాయి. నిమ్మకాయ, మిరియాల కారప్పూస కలుపుకుని అక్కడికక్కడే తింటారు. ఉల్లిపాయతో పోంక్ వడలూ వేస్తారు. పొద్దున్నే నీరా తాగేవాళ్లకు అదీ ఉంది. సూరత్ మనిషి పోంక్‌ను తిండిగా కాదు, పండగలా చూస్తాడు. ఫలానా రోజు నుంచి పోంక్ వచ్చిందని చెప్పుకుంటారు.

ఇది మన ఊచబియ్యమే. నగరం చుట్టూ జొన్న తరిగిపోయినా సూరత్ బజారు ఎక్కడెక్కడి పల్లెల నుంచో కంకులు తెప్పించుకుంటుంది. కర్నూలులో, ఆదిలాబాద్‌లో జొన్న చేలు ఇంకా ఉన్నాయి. ఊచబియ్యం మాత్రం గట్టు దాటి బజారుకు రావడం అరుదు.