పొరుగువారి గోడు - మన పుస్తకాలు, మన చిత్రాలు

ఉగాదినాడు మనం పచ్చడి పంచుకునే వేళకు పక్కింటి మహారాష్ట్రులు గుమ్మంలో గుడి నిలబెడతారు. పండుగ ఒక్కటే, పేర్లు రెండు. వలస వచ్చిన తెలుగు కుటుంబాలన్నిటికీ ఇది తెలిసినదే. కాని సిరొంచ తాలూకాలో, ఇంద్రావతి దరినున్న పాతగూడెం వంటి ఊళ్ళ సంగతి ఇంకొక మెట్టు పైన. అక్కడ ఇంట తెలుగు, బడిలో మరాఠీ, అడవి దారిలో గోండీ వినబడతవి.

ఆ సీమ 1860లో నైజాము నుండి ఆంగ్లేయుల చేతికి వచ్చి ఎగువ గోదావరి జిల్లా అయినది, తరువాత చాందాలో కలిసినది, 1960లో మహారాష్ట్రమైనది, 1982 నుండి గడ్చిరోలి జిల్లా. ఏలినవారు ఎందరు మారినా, సంతకు ఇప్పపువ్వు తెచ్చే గోండు మనతో మన తెలుగులోనే మాట్లాడుతూ వచ్చినాడు. మనం అతని మాటలు నేర్చినది బేరానికి చాలినంత మాత్రమే. పక్కపక్కన బ్రతికినంత మాత్రాన ఒకరి గోడు ఒకరికి తెలుస్తుందనుకోవడం పొరపాటు. దానికి ఎవరో ఒకరు కథ చెప్పవలె.

ఊరికీ వాడకూ నడుమ ఆ పని చేసినవారు ఉన్నవ లక్ష్మీనారాయణగారు. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, బారిష్టరై, రాయవేలూరు చెరలో కూర్చుని 'మాలపల్లి' వ్రాసినారు. 1922లో వెలువడిన ఆ నవలలో మాల రామదాసు ఇల్లే కథకు నడిబొడ్డు. వారి బాధను దూరాన నిలబడి వర్ణించక, వారి పలుకుబడిలోనే వినిపించినారు. చదివిన భూస్వామికి అందులో తన ముఖమే కనిపించి ఉంటుంది. మద్రాసు ప్రభుత్వం ఆ గ్రంథాన్ని ఒకసారి కాదు, రెండుసార్లు నిషేధించినది. 1937లో రాజాజీ మంత్రివర్గం వచ్చిన పిమ్మటగాని చిక్కు తీరలేదు. కథలకు బలమేమిటని అడిగేవారికి ఇంతకన్న వేరే జవాబు కావలెనా?

మరుసటి ఏటనే, 1938లో, చదువురాని వారికి కూడ అందేటట్లు గూడవల్లి రామబ్రహ్మంగారి 'మాలపిల్ల' తెరకెక్కినది. కథ చలంగారిది, సంభాషణలు తాపీ ధర్మారావుగారివి, నాయిక కాంచనమాల. గొప్ప సాహసమే, సందేహం లేదు. అయినా ఒక్క మాట చెప్పక తప్పదు. మంటల్లో చిక్కిన తన భార్యను హరిజనుడు కాపాడిన మీదటగాని అందులోని పురోహితుని మనసు మారదు. ఉపకారం చేస్తేనే మనిషిగా లెక్కా? ఈ విషయంలో ఉన్నవవారి పుస్తకమే లోతైనదని మా అభిప్రాయం.

కథ భాషలు దాటి కూడ వస్తుంది. తెలంగాణ రైతుల పోరును కృష్ణచందర్ ఉర్దూలో నవలగా వ్రాస్తే, దానిని ఆధారం చేసుకుని వంగదేశీయుడు గౌతం ఘోష్ 'మా భూమి' తీసినాడు. 1980లో ఆ చిత్రం చూసిన మనలో ఎవరికీ అది పరాయివాడు చెప్పిన కథ అనిపించలేదు.

ఇక గోండుల మాట. ప్రాణహితకు పడమట, ఆసిఫాబాదు అడవులలోని జోడేఘాట్‌లో 1940లో నైజాము పోలీసుల తుపాకులకు కొమురం భీము బలి అయినాడు. తరువాత నిజాం ప్రభుత్వం పంపగా హైమెండార్ఫ్ దొరగారు గోండుల నడుమ నివసించి, వారి భూములు బయటినుండి వచ్చిన వారికీ, వడ్డీ వ్యాపారులకూ ఎట్లా పోయినవో వ్రాసిపెట్టినారు. ఆ వచ్చినవారిలో మరాఠీలూ ఉన్నారు, తెలుగువారమూ ఉన్నాము. 1943లో మార్లవాయిలో ఆయన చొరవతో గోండు పిల్లలకు గోండీలోనే, నాగర లిపిలో వాచకాలు మొదలైనవి.

మన తెలుగులో ఆ వీరుని కథ నవలగా రావడానికి 1983 దాక పట్టినది. సాహు, అల్లం రాజయ్యగార్ల 'కొమురం భీము' చదువుతున్నప్పుడు మనం అలవాటుగా భీము పక్షాన నిలబడతాం. కొంత దూరం పోయిన తరువాత, అవతలి పక్షంలో అప్పు పత్రం పట్టుకున్నవాడు మన తాతవలె మాట్లాడుతున్నాడని తోచి పుస్తకం ఒక నిమిషం మూసినవారం మేము. అల్లాణి శ్రీధర్‌గారు తీసిన చిత్రం 1990 నాటిదైనా జనానికి చేరినది 2010లో.

ఇవన్నీ గోండుల గురించి తెలుగులో వచ్చినవి. రాత్రిపూట నెగడు చుట్టూ కూర్చుని వారు తమ భాషలో చెప్పుకునే కథలలో సంతలోని తెలుగు షావుకారు ఎట్లా కనబడతాడో, అతనికి ఏ పేరు పెట్టినారో, పాతగూడెంలో పుట్టిన మాలో ఎవరమూ ఇంతవరకు అడిగి తెలుసుకోలేదు.