అహోబిలం పారువేట – మన కాలేజీ సీనియర్లు

ఆళ్ళగడ్డ దగ్గరున్న అహోబిలంలో ఏటా కనుమ నాడు పారువేట మొదలవుతుంది. పారువేట అంటే వేటే, కానీ ఇక్కడ వేట కన్నా పిలుపు ముఖ్యం. ఫాల్గుణ మాసంలో జరిగే బ్రహ్మోత్సవాలకి, తన పెళ్ళికి రమ్మని నరసింహస్వామి తానే ఊరూరా తిరిగి జనాన్ని పిలుస్తాడని నమ్మకం. చెంచులక్ష్మిని పెళ్ళాడాడు కాబట్టి చెంచులకు ఆయన అల్లుడు. జ్వాలా నరసింహస్వామి, ప్రహ్లాదవరదస్వామి ఒకే పల్లకిలో బయల్దేరి 40 రోజులకు పైగా, 30కి మించిన ఊళ్ళు తిరుగుతారు. అహోబిల మఠం మొదటి జీయరు కాలం నుంచి, అంటే సుమారు 600 ఏళ్ళుగా, ఇది సాగుతోందని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. పల్లకి మోసేది బోయలు. వాళ్ళకది వంశపారంపర్యంగా వస్తున్న హక్కు.

దీనికీ ఇంజనీరింగ్ కాలేజీకీ ఏంటి సంబంధం అంటారా? వస్తున్నా.

పల్లకి ముప్పయ్యో ఊరు చేరేసరికి మోసేవాళ్ళకి అది ముప్పయ్యోసారి. ఆ ఊరివాళ్ళకి మాత్రం ఏడాదికి ఒక్కసారి. "ఇప్పటికి 29 ఊళ్ళలో చేసొచ్చాం, ఇక్కడ కొంచెం తగ్గించేద్దాం" అంటే కుదరదు. చేసేవాడికి పాతబడిపోయిన పనిని చూసేవాడికి కొత్తగా అందించడం... సేవ చేస్తూ బతికే ప్రతి ప్రదర్శకుడి కష్టమూ ఇదే. కాలేజీలో కొత్త పిల్లలకి దారి చూపే సీనియర్ కష్టం కూడా ఇదే. లైబ్రరీ ఎక్కడ, మెస్ ఎక్కడ అని వాడు ఆ ఉదయం నుంచి ఆరోసారి చెబుతుంటాడు. వినే పిల్లోడికి మాత్రం ఇంటికి దూరంగా అది మొదటి రోజు.

ఈ సంగతిని వ్యాపారంలో బాగా పట్టుకున్నది డిస్నీ వాళ్ళు. 1955లో కాలిఫోర్నియాలో డిస్నీలాండ్ తెరిచినప్పుడు సిబ్బంది శిక్షణ వాన్ ఫ్రాన్స్ అనే ఆయన చూశాడు. అక్కడ ఉద్యోగిని ఉద్యోగి అనరు, నటవర్గంలో ఒకడు అంటారు. జనానికి కనబడే చోటంతా స్టేజి, మిగతాది తెర వెనక. చెత్త ఊడ్చేవాడు కూడా స్టేజి మీద ఉన్నట్టే లెక్క. బావుంది కదా! కానీ దీనికి రెండో వైపు కూడా ఉంది. అమెరికా సమాజ శాస్త్రవేత్త ఆర్లీ హోక్‌షీల్డ్ డెల్టా ఎయిర్‌లైన్స్ విమాన సిబ్బందిని పరిశీలించి 1983లో ఒక పుస్తకం రాసింది. పెదాల మీద నవ్వు పులుముకోవడం ఒక రకం నటన, నిజంగానే ఆ భావం కలిగేలా మనసుని మలుచుకోవడం ఇంకో రకం అని విడదీసి చూపించింది. ఏళ్ళ తరబడి నవ్వుని అమ్ముకుంటే చివరికి ఆ నవ్వు తనదో కంపెనీదో తనకే తెలియకుండా పోయే ప్రమాదం ఉందంది. సపోర్ట్ ప్రాజెక్టుల్లో రాత్రుళ్ళు క్లయింటుతో మాట్లాడినవాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు :)

ఇక మన కాలేజీల చరిత్రకి వద్దాం. మన దగ్గర చాలాకాలం కొత్తవాళ్ళకి స్వాగతం అంటే ర్యాగింగే. పాడు, డాన్సు చెయ్యి, ఆ అమ్మాయికి పువ్వు ఇవ్వు... అంటే ప్రదర్శన ఇవ్వాల్సింది కొత్తగా వచ్చినవాడు, కూర్చుని చూసేది సీనియర్లు. ఇది సరదాతో ఆగలేదు, ప్రాణాలు తీసింది. ఆంధ్రప్రదేశ్ 1997లోనే ర్యాగింగ్ నిషేధ చట్టం తెచ్చింది. 2001లో సుప్రీంకోర్టు దేశమంతటికీ ఆదేశాలిచ్చింది. 2009లో హిమాచల్ ప్రదేశ్‌లో ఒక వైద్య విద్యార్థి చనిపోయాక యూజీసీ గట్టి నిబంధనలు పెట్టింది. 2017లో ఏఐసీటీఈ, ఇంజనీరింగ్‌లో చేరినవాళ్ళకి మొదటి మూడు వారాలు ఇండక్షన్ జరపాలని, సీనియర్లే వాళ్ళకి మార్గదర్శకులుగా ఉండాలని చెప్పింది.

నా ఉద్దేశంలో ఈ 20 ఏళ్ళలో జరిగిన అసలు మార్పు ఒక్కటే. ఆడాల్సినవాడు మారాడు. శ్రమ కొత్తవాడి నెత్తి మీంచి సీనియర్ భుజం మీదికి వచ్చింది. చట్టం ర్యాగింగ్‌ని ఆపమని చెప్పగలదు, కానీ దాని స్థానంలో ఏం చెయ్యాలో నేర్పలేదు. అది పల్లకి మోసేవాళ్ళనీ, హోటల్లో వడ్డించేవాళ్ళనీ చూసి నేర్చుకోవాల్సిందే.

నేర్చుకోవాల్సినవి నాకు మూడు కనిపిస్తున్నాయి. ఒకటి, పిలిచేవాడే ఎదురెళ్ళాలి. నంద్యాలలో ఇంజనీరింగ్ కాలేజీలు వచ్చాక, తెలుగు మీడియంలో చదివిన పల్లె పిల్లలు చాలామంది మొదటిసారి ఇల్లు వదిలి అక్కడికి చేరారు. "డౌట్లుంటే అడగండి" అని ఇంగ్లీషులో అంటే వాళ్ళు అడగరు. వాళ్ళున్న చోటికి పోయి, వాళ్ళ మాటలో "ఏ ఊరు మీది? అన్నం తిన్నావా?" అని మొదలుపెట్టాలి.

రెండు, నటించడం తప్పు కాదు, మోసం చెయ్యడం తప్పు. అలసిపోయినా ఓపిగ్గా మాట్లాడటం నటనే, దాంతో ఎవరికీ నష్టం లేదు. కానీ అందరికీ ప్లేస్‌మెంట్లు ఖాయం అని యాజమాన్యం చెప్పమన్న అబద్ధాన్ని నవ్వుతూ చెబితే, ఫీజు కోసం అప్పు చేసిన ఓ రైతు దాన్ని నమ్ముతాడు. విమాన సిబ్బందికి జీతమిచ్చేది కంపెనీ. సీనియర్‌కి ఆ బాధ కూడా లేదు, వాడు ఆ పిల్లోడి తరఫు మనిషి.

మూడు, తెర వెనక చోటు ఉండాలి. 40 రోజులూ ఒక్కరే పల్లకి మొయ్యలేరు. మన కాలేజీల్లో మాత్రం చలాకీగా మాట్లాడే నలుగురు పిల్లల్నే పొద్దుట్నించి రాత్రి దాకా తిప్పుతారు. వాళ్ళ నవ్వు మధ్యాహ్నానికే ఎండిపోతుంది, మూడోరోజుకి విసుగు, ఆ విసుగులోంచే పాత పెత్తనం మళ్ళీ బయటికొస్తుంది. వంతులు వెయ్యండి, కూర్చోడానికి ఒక గదివ్వండి, భోజనం పెట్టండి. పెద్ద ఖర్చేం కాదు.

మన ఆఫీసుల్లో కొత్తగా చేరినవాళ్ళకి బడ్డీగా ఉండేవాళ్ళకీ ఇదంతా వర్తిస్తుంది. వచ్చే సోమవారం మీ టీమ్‌లో ఎవరైనా చేరుతుంటే, లాప్‌టాప్ వచ్చిందా అని మెయిల్ కొట్టి ఊరుకోకండి. లేచి వాళ్ళ సీటు దాకా వెళ్ళండి.