తెలిసినవారి పటము



మా గ్రామమున చెరువు తూములు కనిపెట్టుకొనియుండు నీరుగంటి యొకడుండెడివాడు. ఏ కాలువకు ఎంతసేపు నీరు వదలవలెనో అంతయు నాతనికి కంఠస్థము. ఆతడు మరణించిన యేట చెరువు నిండియే యున్నను, కడపటి పొలములు ఎండినవి. లోపించినది నీరు కాదు, తెలిసినవాడు. నేడు నేను చెప్పబోవు కంప్యూటరు కార్యాలయముల చరిత్రయు నిట్టిదే.

కంప్యూటరు చేయవలసిన పనిని వరుసగా వ్రాసిన ఆజ్ఞలను ప్రోగ్రామందురు. వర్తకపు లెక్కలకును, ప్రభుత్వపు లెక్కలకును అనువైన కోబాల్ అను భాష 1959లో రూపొంద నారంభించెను. ఆనాటి యంత్రములలో చోటు మిక్కిలి తక్కువ. రంధ్రములు పొడిచి సమాచారమెక్కించు అట్టపై 80 అక్షరములే పట్టెడివి. పొదుపు కొఱకు సంవత్సరమును రెండంకెలతోనే వ్రాసిరి. 1965 అనుటకు 65. అట్లయిన 2000 సంవత్సరము 00 అగును. యంత్రము దానిని 1900 అని భ్రమపడును. 1935లో జన్మించిన వృద్ధుని వయస్సు 65 కాక, సున్నకు దిగువ 35 అని తేలును.

1990 తరువాత ఈ దోషమును దిద్దబూనినవారికి దిద్దుట కంటె ముందు మఱియొక చిక్కు కలిగెను. మనయొద్ద ఏ ప్రోగ్రాములున్నవి? వాని మర్మమెవరికి తెలియును? వ్రాసినవారిలో కొందఱు విశ్రాంతి తీసికొనిరి, కొందఱు గతించిరి. విశ్రాంతిలోనున్నవారిని మరల పిలువవలసి వచ్చెను. మన తెలుగు యువకులు పెక్కండ్రు ఈ పనికై అమెరికాకు పోయి, ముఖమెఱుగనివారి వ్రాతలను పంక్తి పంక్తిగా చదివి దిద్దిరి. 2000 జనవరి 1 పెద్ద యుపద్రవము లేకయే గడచెను.

అయినను మెలకువ నిలువలేదు. 2020 ఏప్రిల్‌లో కరోనా వలన పనులు కోల్పోయినవారు లక్షలుగా సహాయము కోరగా, అమెరికాలోని న్యూజెర్సీ గవర్నరు ఫిల్ మర్ఫీ, తమ యంత్రములు నలువదేండ్లకు పైబడినవనియు, కోబాల్ తెలిసినవారు తోడ్పడవలెననియు బహిరంగముగా అడుగవలసి వచ్చెను.

దీనికి విరుగుడు కలదు. ఒక కాగితముపై ఎడమవైపున పనుల పేర్లను, పైన మనుష్యుల పేర్లను వ్రాసి, ఎవరికేది బాగుగ తెలియునో అచట గుర్తు పెట్టవలెను. ఇదియే జ్ఞానపటము. ఒకే గుర్తు గల వరుస అపాయస్థానము. అచట రెండవవానిని మొదటివాని సరసన కూర్చుండబెట్టి పని చేయింపవలెను, తెలిసినది వ్రాయింపవలెను. మనుష్యులు మారినప్పుడెల్ల పటమును దిద్దవలెను.

ఒక్క మాట మఱవరాదు. చెప్పివేసినచో తన యవసరము తీరునను భయము చేతనే తెలిసినవాడు దాచుకొనును. అట్టి పటమును ఉద్యోగము తీయుటకు వాడినచో, మఱునాడు నిజము చెప్పువాడుండడు. నేర్పినవానికి గౌరవము హెచ్చవలెను.

మా నీరుగంటి జీవించియుండగా, ఒక్క సాయంకాలము ఆతనితో చెరువుగట్టున కూర్చుండి అడిగియుండిన చాలియుండును. మేమడుగలేదు. మీరైనను అడుగుడు.