చేతితో నింపిన తూటా

మన పల్లెలలో వేటకాడు నాటుతుపాకిలో మందు పోసి, గుడ్డపేలిక క్రుక్కి, సీసపు గుండు దట్టించి కాల్చుటను పెద్దలలో కొందఱు కన్నులార చూచియుందురు. అందు ప్రతి దెబ్బయు కాల్చువాని చేతిపనియే. మందు తగ్గెనా, జంతువు గాయముతో పాఱిపోవును. హెచ్చెనా, తుపాకియే పగులును. ఈ పాత చిక్కు అమెరికా దేశమున పిస్తోలుతో జింకలను వేటాడువారికి క్రొత్త రూపమున ఎదురైనది. ఆ కథను నేడు మనవి చేసెదను.

లోహపు తూటాలో నాలుగు భాగములు కలవు: ఇత్తడి గుల్ల, దాని అడుగున రంజకము, లోపల మందు, మూతివద్ద గుండు. కాల్చిన పిదప మూడును పోయి ఇత్తడి గుల్ల మిగులును. దానిని సరిచేసి మరల నింపవచ్చును. అంగళ్లకు దూరముగా మైదానములలో తిరిగిన అడవిదున్నల వేటకాండ్రు 19వ శతాబ్దపు ఉత్తరార్ధముననే ఈ పని చేసికొనుచుండిరి. 1884లో జాన్ బార్లో అనునాయన కనెక్టికట్ రాష్ట్రమున ఐడియల్ అను కంపెనీని స్థాపించి, గుండ్లు పోయు అచ్చులను, తూటాలు నింపు పనిముట్లను జనులకు అందించెను.

పెద్ద తుపాకిని భుజమున ఆనించి కాల్చుదురు. పిస్తోలునకు చేయి మాత్రమే ఆధారము. గొట్టము పొట్టి, బలము తక్కువ. అంగడి తూటాలతో జింకను వెంటనే కూల్చుట దుష్కరము. ఈ లోటు తీర్చుటకు జీవితమెల్ల పాటుపడినవాడు ఎల్మర్ కీత్. 1899లో జన్మించిన ఈ పశుపాలకుడు ఐడహో రాష్ట్రపు కొండలలో నివసించెను. 1925లో ఆయన నింపిన బలమైన తూటాకు చేతనున్న పాత 45 రివాల్వరు పగిలిపోయెను. అదృష్టవశమున ప్రాణము దక్కెను. మఱొకడైనచో ఆ పని మానియుండును. కీత్ మాత్రము కారణము వెదకెను. తూటాలుండు గదుల గోడలు పలుచన యని గ్రహించి, గోడలు దళసరిగానుండు 44 రివాల్వరునకు మారెను.

గుండు ఆకారమునందును ఆయన మార్పు చేసెను. మొన గుండ్రనిదైనచో గాయము సన్నముగానుండి, జంతువు చాలదూరము పరుగిడును. కావున మొద్దుమొనయు, వాడియైన అంచును గల గుండునకు అచ్చు చేయించెను. సీసమున తగరము కలిపి గట్టిపఱచిన ఆ గుండు సుమారు 16 గ్రాములు, అనగా తులమున్నరకు కొంచెము తక్కువ తూగును. కీత్ నింపిన తూటానుండి అది సెకనుకు సుమారు 1200 అడుగుల వేగమున వెడలెడిది. 1935లో 357 మాగ్నమ్ వచ్చెను. కీత్ ఏండ్ల తరబడి కోరిన 44 మాగ్నమ్ రివాల్వరు 1956లో జనులకు చేరెను.

ఆయనకు పేరును అపవాదును తెచ్చిన సంగతి యొకటి కలదు. సహచరుని దెబ్బ తిని కుంటుచు పోవు జింకను 600 గజముల దూరమునుండి రివాల్వరుతో కొట్టితినని ఆయన తన స్వీయచరిత్రలో వ్రాసికొనెను. పలువురు నమ్మలేదు, కొందఱు అనుకరింపబోయిరి. కాని అది విలాసపు దెబ్బ కాదు. గాయపడిన జంతువును విడువరాదను బాధ్యత. పిస్తోలు వేటకు దగ్గఱి దూరమే తగినది. తూటాను స్వయముగా నింపువానికి సాకు చెప్పుటకు వేఱొకడు లేడు. మందు తూచిన త్రాసు తనది, తప్పును తనదే.

ఈ వేట నిలుచుటకు ముందుగా జింక నిలువవలెను. విచ్చలవిడి వేటచే 1900 నాటికి అచ్చటి తెల్లతోక జింకలు సుమారు 5 లక్షలకు క్షీణించెనని అంచనా. ఆ సంవత్సరమే లేసీ చట్టము దొంగవేట మాంసపు అంతర్రాష్ట్ర వ్యాపారమును అరికట్టెను. 1937 చట్టముచే వేటతుపాకులు, తూటాలపై పన్ను వన్యమృగ రక్షణకు కేటాయింపబడెను. 1970 సవరణముతో పిస్తోళ్లపై పన్నును దానికి తోడయ్యెను. నేడచ్చట జింకలు కోట్ల సంఖ్యలో కలవు.

మన దేశమున త్రోవ వేఱు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును, 1991 నాటి సవరణమును వినోదపు వేటకు తెరదించినవి. కృష్ణజింక ఆంధ్రప్రదేశ్‌కును, చుక్కల జింక తెలంగాణమునకును రాష్ట్ర జంతువులు. వానిని చంపుట నేరము. త్రోవలు వేఱైనను నీతి యొక్కటే: చేతనున్న బలమునకు కొలత యుండవలెను, ఆ కొలతను తప్పక పాటించు మనస్సును ఉండవలెను.